కారు కంటికీ శుక్లాలు!

కనిగిరిలో పని చూసుకుని రాత్రిపూట కారులో వెలిగండ్లకు తిరిగి రావడమంటే మాస్టారికి ఒకప్పుడు సరదా. రోడ్డుకు రెండువైపులా చిల్లచెట్లు, అక్కడక్కడా కంది చేలు, దూరాన ఏదో పల్లెలో మినుకుమనే దీపం. పాత పాటలు పెట్టుకుని నింపాదిగా వచ్చేవారు. అలాంటి మనిషి కొన్నాళ్లుగా పొద్దుగూకితే కారు తాళాలు ముట్టుకోవడమే మానేశారు.

కారణం... కళ్లు!

శుక్లాలు ముదిరాయన్నారు డాక్టరు. చలికాలంలో ఒంగోలు వెళ్లి, ఒక కంటి తర్వాత మరో కంటికి ఆపరేషన్ చేయించుకున్నారు. ఇంటికొచ్చాక భార్య చీర అంచు చూసి, ‘ఇది నీలమా? ఇంతకాలం నలుపనుకున్నానే!’ అన్నారు. ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. పేపర్లో సన్నక్షరాలు కూడా చక్కగా కనపడుతున్నాయి. పగలు ఏ ఇబ్బందీ లేదు.

రాత్రి కారు తీసిన రోజునే మళ్లీ గుబులు మొదలైంది. ఎదురుగా రోడ్డు మసక మసగ్గానే ఉంది. గుంత దగ్గరికి వచ్చేదాకా గుంతని తెలియడం లేదు. ఎదురుగా లారీ వస్తే సరే సరి. ‘ఆపరేషన్ సరిగ్గా కుదర్లేదా? ఇక మన డ్రైవింగ్ రోజులు అయిపోయినట్టేనా?’ అని లోలోపలే మథనపడ్డారు. పైకి ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి ఇంకో కారణమూ ఉంది. కూతురు తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. అల్లుడి ఉద్యోగం హైదరాబాద్‌లో. అర్ధరాత్రి నొప్పులొస్తే కనిగిరి ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది తనే. 108కి ఫోన్ చేయొచ్చు, నిజమే. కానీ గుమ్మం ముందు కారు ఉంచుకుని, ఇంకో బండి కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సి వస్తుందన్న ఆలోచనే ఆయనకు మింగుడుపడలేదు.

గొర్రెల మంద చెప్పిన నిజం

మార్చి నెలలో ఒక రాత్రి. ఓ పెళ్లికి వెళ్లి తిరిగొస్తున్నారు దంపతులిద్దరూ. ఊరు ఇంకాస్త దూరంలో ఉందనగా మలుపులో ఏదో బూడిదరంగు ముద్దలా కదిలింది. ఏమిటా అని ఆలోచించేలోపే అది మందగా మారింది. గొర్రెలు! మాస్టారు బ్రేకు మీద నిలబడినంత పనిచేశారు. కారు ఓ పక్కకు జారి, మందకు నాలుగడుగుల దూరంలో ఆగింది. పక్క సీట్లో ఉన్న భార్య ఒళ్లోని పెళ్లి తాంబూలం కింద పడి, ఆకులూ వక్కలూ కాళ్ల దగ్గర చెల్లాచెదురయ్యాయి.

గొర్రెలకాపరి పరుగెత్తుకొచ్చాడు. మాస్టారు దిగి, రెండు చేతులూ పట్టుకుని, ‘తప్పయిపోయిందబ్బాయ్... నా కళ్లు సరిగ్గా ఆనట్లేదు’ అన్నారు. ఆ యువకుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. కారు ముందుకెళ్లి వంగి చూశాడు.

‘మీ కళ్లు సంగతి నాకు తెలవదు గానీ అయ్యోరూ... మీ కారు వస్తా ఉండేది నాకే కనపడలా! ఇంజిన్ చప్పుడు దగ్గరికొచ్చినాకనే తెలిసింది. లైట్లు ఏసినారా, మర్చిపోయినారా అనుకున్నా’ అన్నాడు.

లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ముందు నుంచి చూస్తే పొగచూరిన లాంతరు చిమ్నీ వెనక ఒత్తి వెలుగుతున్నట్టుంది. మాస్టారు ఆ రెండు లైట్ల ముందు చాలాసేపు నిలబడిపోయారు. కొన్ని నెలలుగా ఆయన్ను తినేస్తున్న దిగులు సగం అక్కడే దిగిపోయింది. మిగతా సగం మాత్రం పెరిగింది. మనకు రోడ్డు కనపడకపోవడం ఒక ప్రమాదమైతే, రోడ్డు మీదున్నవాళ్లకు మనం కనపడకపోవడం అంతకన్నా పెద్ద ప్రమాదం కదా!

పలక నేర్పిన పాఠం

మర్నాడు పొద్దున్నే కారు కడగడానికి కూర్చున్నారు. హెడ్‌లైటు మీద చెంబుడు నీళ్లు పోశారు. చిత్రం! నీళ్లు జారుతున్నంతసేపూ లోపలి బల్బు, వెనకాల అద్దంలాంటి గిన్నె స్పష్టంగా కనిపించాయి. నీళ్లు ఆరగానే మళ్లీ పసుపు, మళ్లీ మసక. ఇంకో చెంబు పోశారు. మళ్లీ అంతే.

మూడున్నర దశాబ్దాలు బడిలో పనిచేసిన మనిషికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ఈ ప్రాంతమంతా మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకున్నదే. పలకను తడిపితే నల్లగా నిగనిగలాడుతుంది. ఆరితే తెల్లబారుతుంది. పలకపై ఉండే సన్నటి గరుకు మీద పడిన వెలుగు తలోదిక్కుకూ చెదిరిపోతుంది. తడిపినప్పుడు ఆ గరుకులోని సందులన్నీ నీళ్లతో పూడి, పైన నున్నటి పొర ఏర్పడుతుంది. అందుకే ఆ తేడా. హెడ్‌లైట్లోనూ జరిగేది అదే. జబ్బు లోపల లేదు, పైచర్మానికే వచ్చింది! ఎవరైనా ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఇది. నీళ్లు పోసినప్పుడు లైటు తేటపడితే, ఆ మసకను పోగొట్టుకోవచ్చు. తడిపినా తేటపడకపోతే లోపం మరోచోట ఉన్నట్టు.

ఇంతకీ ఈ పైచర్మానికి జబ్బెందుకొస్తుంది? అంబాసిడర్, ఫియట్ కార్ల రోజుల్లో హెడ్‌లైట్లకు గాజు ఉండేది. రాయి తగిలితే పగిలేదే తప్ప పసుపెక్కేది కాదు. ఎదుటివారి కళ్లలో పడకుండా పైసగం నల్లరంగు వేయించుకోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. తర్వాత గాజు స్థానంలోకి పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్ వచ్చింది. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, అమెరికాలో డేనియల్ ఫాక్స్... ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఒకే ఏడాది కనిపెట్టిన పదార్థమిది. గాజుకన్నా తేలిక. దెబ్బకు తట్టుకుంటుంది. కావలసిన ఆకారంలోకి పోతపోయొచ్చు. అమెరికా 1983లో కార్లకు ఇలాంటి హెడ్‌లైట్లు అనుమతించింది. క్రమంగా ప్రపంచమంతా ఆ దారినే నడిచింది.

అయితే పాలీకార్బొనేట్‌కు ఓ బలహీనత. ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని మెల్లగా తినేస్తాయి. రసాయనిక మార్పు వచ్చి పసుపెక్కుతుంది. గీతలూ తొందరగా పడతాయి. అందుకే తయారీ సమయంలోనే దానిమీద రక్షణ పొర పూస్తారు. ఏళ్ల తరబడి ఎండ, దుమ్ము, ఇసుక రేణువుల తాకిడికి ఆ పొర అరిగిపోతుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ ఎండకు నేరుగా దొరికిపోతుంది. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న ఈ ప్రాంతంలో, చెట్టు నీడైనా లేని చోట పద్నాలుగేళ్లు నిలబడిన కారు సంగతి చెప్పాలా!

టూత్‌పేస్టు మాయ

విషయం ఊళ్లో తెలిసింది. సలహాలకు కొదవేముంది! ‘టూత్‌పేస్టు రుద్దండి’ అన్నారొకరు. ‘దోమల మందు పూయండి, తళతళలాడుతుంది’ అన్నారింకొకరు. ‘పెట్రోలుతో తుడిస్తే సరి’ అన్నది మూడో మాట.

టూత్‌పేస్టు ఇంట్లోనే ఉంది కాబట్టి మాస్టారు ముందు దాంతోనే మొదలుపెట్టారు. అరగంట రుద్దితే నిజంగానే తేటపడింది. సంబరపడ్డారు. రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ మొదటికొచ్చింది. టూత్‌పేస్టులో సన్నటి రాపిడి పొడి ఉంటుంది. పైపైన ఉన్న మసకను కాస్త గీకుతుందే కానీ ముదిరిన పొరను తీయలేదు. తీసినచోట రక్షణా ఇవ్వలేదు. దోమల మందు జోలికి ఆయన వెళ్లకపోవడమే మేలైంది. అలాంటి మందుల్లో ఉండే డీట్ అనే రసాయనం ప్లాస్టిక్ పైపొరను కరిగిస్తుంది. కరిగిన పొర కాసేపు మెరుస్తుంది, ఆ తర్వాత మరింత పాడవుతుంది. పెట్రోలు, థిన్నర్ లాంటివీ అంతే. కంటికి కనపడని సన్నటి పగుళ్లు తెచ్చిపెడతాయి.

మెకానిక్ కుర్రాడేమో, ‘కొత్త జత ఏయించుకోండి సార్, గొడవ వదిలిపోద్ది’ అని ఖర్చు వేలల్లో చెప్పాడు. మాస్టారు లెక్కలేసుకున్నారు. కాన్పు ఖర్చు ముందుంది. ‘కొత్తవి వేయించక తప్పదంటే వేయిద్దాం. ముందు చేత్తో చేసుకోగలిగింది చేసి చూద్దాం’ అనుకుని కనిగిరి బయల్దేరారు. రంగుల దుకాణంలో వాటర్ పేపర్లు... అదేనండీ, పెయింటర్లు తడిపి రుద్దే నల్లటి గరుకు కాగితాలు... 800, 1500, 2000, 3000 నంబర్లవి తీసుకున్నారు. ఒక చుట్ట మాస్కింగ్ టేపు, చిన్న డబ్బా రబ్బింగ్ కాంపౌండ్, ఎండకు తట్టుకునే క్లియర్ కోటు స్ప్రే కొన్నారు. అన్నీ కలిపి వందల్లోనే తేలింది.

ఆదివారం పని

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టారు. ముందు షాంపూ నీళ్లతో లైట్లు శుభ్రంగా కడిగారు. మట్టి రేణువు ఒక్కటి మిగిలినా రుద్దేటప్పుడు గీత పెడుతుంది. తర్వాత చుట్టూ ఉన్న కారు రంగు మీద రెండు వరసలు టేపు అంటించారు. పొరపాటున చెయ్యి జారితే లైటు బాగుపడి కారు పాడవకూడదు కదా!

వాటర్ పేపర్లను బకెట్లో కాసేపు నానబెట్టారు. ముందు 800 నంబరుతో అడ్డంగా, తేలిక చేత్తో రుద్దడం మొదలుపెట్టారు. కూతురు పక్కన కుర్చీ వేసుకుని, మగ్గుతో కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ కూర్చుంది. మొదట పసుపు నీళ్లు దిగాయి. అది ఎండ తినేసిన పొర. పది నిమిషాలకు నీళ్లు తెల్లగా, పాలలా రావడం మొదలైంది. పసుపు పోయిందన్న గుర్తు అదే. కానీ లైటు మాత్రం మునుపటికన్నా మసకగా, గీసిన గాజులా తయారైంది.

‘ఉన్నది కూడా పోగొట్టారు నాన్నా!’ అంది కూతురు భయంగా.

మాస్టారికీ గుండె గతుక్కుమంది. నిజానికి ఇక్కడే చాలామంది బెదిరిపోయి ఆపేస్తారు. ఆ దశలో అలా కనపడటం సహజమే. తర్వాత 1500 నంబరుతో నిలువుగా రుద్దారు. ఒకదాన్ని అడ్డంగా, మరోదాన్ని నిలువుగా రుద్దడంలో కిటుకుంది. ముందు కాగితం గీతలు పూర్తిగా పోయాయో లేదో ఇట్టే తెలిసిపోతుంది. అవి పోయేదాకా తర్వాతి నంబరుకు వెళ్లకూడదు. ఆపైన 2000, చివరికి 3000. ఎక్కడా పొడిగా రుద్దలేదు. పొడిగా రుద్దితే లోతైన గీతలు పడతాయి, ప్లాస్టిక్ పొడి ముక్కులోకీ పోతుంది.

చివరగా మెత్తటి గుడ్డతో రబ్బింగ్ కాంపౌండ్ తీసుకుని గుండ్రంగా రుద్దారు. ఐదు నిమిషాల్లో మబ్బు విడిపోయినట్టు బల్బు కనపడింది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. కూతురు చప్పట్లు కొట్టింది.

అసలు పని అప్పుడే మొదలు

‘అయిపోయిందిగా, భోజనానికి రండి’ అని పిలిచారు భార్య. అయిపోలేదు! టూత్‌పేస్టు ముచ్చటలో మాస్టారు నేర్చుకున్నదదే. మసకతో పాటు పాత రక్షణ పొర కూడా పోయింది. ఇప్పుడు ఎండకు అడ్డమేమీ లేదు. ఇలాగే వదిలేస్తే కొన్ని నెలల్లోనే మళ్లీ పసుపెక్కుతుంది. మైనం పూస్తే కొన్ని వారాలపాటు ఆదుకుంటుంది, తరచూ పూస్తూ ఉండాలి. ఎక్కువకాలం నిలవాలంటే అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే క్లియర్ కోటు వేయాల్సిందే.

ఇక్కడ ఆయన ఒక తప్పు చేశారు. చల్లబడ్డాక వేద్దామని సాయంత్రం దాకా ఆగారు. కుడి లైటుకు కోటు చక్కగా పడింది. ఎడమ లైటుకు వేస్తుండగా గాలి లేచింది. తడిగా ఉన్న పొర మీద దుమ్ము గంధం చల్లినట్టు అతుక్కుంది. మాస్టారు ఉసూరుమన్నారు. ఆ రాత్రికి ఆరనిచ్చి, మర్నాడు 2000 నంబరు కాగితంతో ఆ పొర తీసి, మళ్లీ మొదటి నుంచి పాలిష్ చేశారు. ఈసారి ఎండ ముదరకముందే, గాలి లేనప్పుడు, షెడ్డులో పెట్టి వేశారు. ఇంకో సంగతీ గమనించారు. ఇక్కడి బోరు నీళ్లు ఆరితే తెల్లటి ఉప్పు మచ్చలు మిగులుతాయి. అందుకని చివరి కడుగుడుకు తాగే నీళ్ల క్యాను వాడారు. పూర్తిగా ఆరాక స్పిరిట్‌తో తుడిచి, చెయ్యి తగలనీయకుండా పలచగా ఒక కోటు, డబ్బా మీద రాసినంత విరామమిచ్చి రెండో కోటు వేశారు. మూతికి మాస్కు కట్టుకున్నారు. గట్టిపడే మందు కలిసిన టూ కే రకం క్లియర్ అయితే ఇంకా ఎక్కువకాలం మన్నుతుంది కానీ, దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆరుబయట, తగిన మాస్కుతోనే వాడాలి. పిల్లలు, గర్భిణులు దరిదాపుల్లో ఉండకూడదు. అందుకే కోటు వేసిన రెండుసార్లూ కూతురిని ఇంట్లోంచి బయటికి రానివ్వలేదాయన.

గోడ చెప్పిన తీర్పు

మాస్టారు మాస్టారే! పరీక్ష పెట్టకుండా మార్కులు వేస్తారా? పని మొదలుపెట్టడానికి ముందురోజు రాత్రే కారును ప్రహరీ గోడకు ఎదురుగా పది అడుగుల దూరంలో నిలిపి, వెలుగు పడిన మేర సుద్దముక్కతో గీశారు. పని పూర్తయ్యాక కారును అదే చోట నిలిపి మళ్లీ లైట్లు వేశారు. మునుపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియని పసుపు మరక ఉన్నచోట, ఇప్పుడు పై అంచు గీత గీసినట్టున్న తెల్లటి వెలుగు పడింది.

ఇది ఆయన ఒక్కరి అనుభవమే కాదు. ట్రిపుల్ ఏగా పేరున్న అమెరికా వాహనదారుల సంఘం 2018లో ఈ విషయం మీద పరీక్షలు చేసింది. మసకబారిన హెడ్‌లైట్లు లో బీమ్‌లో కొత్తవాటితో పోలిస్తే దాదాపు 20 శాతం వెలుగే ఇస్తున్నాయని తేల్చింది. బాగుచేశాక అది సుమారు 70 శాతానికి చేరింది. అంటే ఇంటి వైద్యం కొత్త లైటుతో సమానం కాదు. ఐదింట ఒక వంతు వెలుగుతో తిరగడంతో పోలిస్తే మాత్రం నేలకూ నింగికీ ఉన్నంత తేడా.

అన్ని జబ్బులకూ ఈ మందు పనిచేయదు. లైటు లోపల తేమ పడితే బయట ఎంత రుద్దినా లాభం లేదు, సీలు చూపించుకోవాలి. ప్లాస్టిక్ లోతున సాలెగూడులాంటి పగుళ్లు వచ్చినా, వెనక గిన్నె మెరుపు పోయి నల్లబడినా కొత్తది వేయించుకోవాల్సిందే. వెలుగు తగ్గిందని ఎక్కువ వాట్ల బల్బు వేయించుకునేవాళ్లూ ఉన్నారు. సాధారణంగా మన కార్లలో వాడే హెచ్4 బల్బు 60/55 వాట్లది. అంతకు మించినవి వేస్తే వేడికి వైరింగ్, ప్లాస్టిక్ దెబ్బతింటాయి. పైగా మసక లైటు వెలుగును చెదరగొట్టి ఎదుటివారి కళ్లలోకి కొడుతుంది. మనకు దారి కనపడదు, వాళ్లకూ కనపడనివ్వదు!

ముక్కు ఉత్తరానికి...

ఇప్పుడు మాస్టారింట్లో కారు నిలిపే తీరు మారింది. ముక్కు ఉత్తరం వైపు ఉండేలా పెడతారు. మన దగ్గర ఏడాదిలో ఎక్కువ నెలలు సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి లైట్ల మీద నేరుగా ఎండ పడటం తగ్గుతుంది. పగలంతా పాత నూలు చీర ముక్క మడిచి లైట్ల మీద కప్పుతారు. వారానికోసారి ముందు నీళ్లతో దుమ్ము కడిగి, ఆ తర్వాతే గుడ్డ పెడతారు. పొడి గుడ్డతో తుడిస్తే ఆ దుమ్మే ఉప్పుకాగితమైపోతుంది. నెలకోసారి గోడ పరీక్ష మాత్రం తప్పదు. సుద్ద గీత ఇంకా అక్కడే ఉంది.

ఏప్రిల్ చివర్లో ఓ అర్ధరాత్రి రెండు గంటలప్పుడు కూతురు తలుపు తట్టింది. మాస్టారు కారు తీశారు. వెనక సీట్లో తల్లి ఒళ్లో తలపెట్టుకుని కూతురు. మొన్న గొర్రెలు అడ్డొచ్చిన మలుపు దగ్గర వేగం తగ్గించారు. ఈసారి రోడ్డు పక్క చింతచెట్టు మొదలుకు వేసిన తెల్ల సున్నం, దాని వెనక పడుకున్న కుక్క, గుంతలో నిలిచిన నీళ్లు... అన్నీ ముందే కనపడ్డాయి. గుంత తప్పించి, కుదుపు లేకుండా మలుపు తిప్పారు. తెల్లారేసరికి తాతయ్యారు.

బారసాలకు వచ్చినవాళ్లలో గొర్రెలకాపరీ ఉన్నాడు. ‘మీ కారు ఇప్పుడు పొలిమేర నుంచే కనపడతా ఉంది అయ్యోరూ’ అన్నాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు ‘మీ చూపు బాగుంది’ అన్నప్పుడు కూడా మాస్టారికి అంత నమ్మకం కలగలేదట!

మసక ఒక్కరోజులో రాదు. రోజుకింత పేరుకుంటూ వస్తుంది కాబట్టే తెలియదు. చీకటి పడ్డాక మీ కారునూ ఓసారి గోడకెదురుగా నిలిపి చూడండి.